మద్రాస్ హోటల్లో ఆయన ఫోటో

మా నాన్నకి దేవుడి కంటే ఆ మాజీ ప్రధానే ఎక్కువ. ఈ మాట అంటే ఒప్పుకునేవాడు కాదు గానీ, భిలాయి క్యాంప్ టూలో మేం నడిపిన టిఫిను హోటల్లో వెంకటేశ్వరస్వామి పటం చిన్నది, ఆయన ఫోటో పెద్దది. ఇద్దరికీ కలిపి ఒకటే అగరొత్తి. ఒకసారి ఎన్నికల ప్రచారానికి వచ్చినప్పుడు ఆయన జీపులోంచి వంగి నాన్న చెయ్యి పట్టుకున్నాడట. ఆ రోజంతా ఆ చెయ్యి పిండిలో పెట్టనంటే పెట్టనన్నాడు.

"మారాజు సెయ్యి మాసిపోద్దని రుబ్బంతా నానే రుబ్బినాను" అని అమ్మ ఏళ్ల తరబడి దెప్పేది.

"అంత పెద్దోడు నా ముకం సూసి నవ్వినాడే! నువ్వెప్పుడైనా అలాగ నవ్వినావేటి?" అనేవాడు నాన్న.

మాది శ్రీకాకుళం వైపు. మద్రాసు ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కానీ భిలాయిలో దక్షిణాది వాడెవడైనా మద్రాసీయే. ఆంధ్రా అని చెబితే "అదీ మద్రాసులోనే కదా, భయ్యా" అనేవారు. చెప్పి చెప్పి విసిగిపోయి, ఇడ్లీ దోసెలు అమ్ముకునే మనకి ఈ గొడవెందుకని నాన్నే బోర్డు మీద హిందీలో 'మద్రాస్ హోటల్' అని ఎర్రరంగుతో రాయించాడు. పేరు బాగా పనిచేసింది. డ్యూటీ దిగిన ఉక్కు ప్లాంటు మనుషులు ఆ బోర్డు చూసుకుని నేరుగా లోపలికొచ్చేవారు.

నేను పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న వేసవి అది. మళ్లీ ఎన్నికలు. పొద్దున్నే సాంబారు మరుగుతుండగా రేడియోలో చెప్పారు. ప్రచారానికి తమిళనాడు వెళ్లిన ఆయన బాంబు పేలి చనిపోయాడని. నాన్న గరిటె వదిలేసి బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మా నాన్న ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. నాకేం చెయ్యాలో తెలియక పొయ్యి ఆపేశాను.

ఇంతలో ఎదురుగా పాన్ దుకాణం నడిపే భయ్యా పెరటి తలుపు కొట్టాడు. లోపలికి కూడా రాలేదు. "ఆజ్ షటర్ మత్ ఉఠానా" అన్నాడు, ఈరోజు షటరు ఎత్తొద్దని. చౌకులో కుర్రాళ్లు పోగవుతున్నారట, మద్రాసీల మీద మండిపడుతున్నారట.

అమ్మ మొహం పాలిపోయింది. అంతకు కొన్నేళ్ల ముందు ఒక నాయకురాలిని చంపినప్పుడు దూరపు ఊళ్లలో సర్దార్లకి ఏం జరిగిందో మా వీధిలో అందరం విన్నవాళ్లమే. ఎవరు చేశారో వాళ్లని కాదు, ఎవరు దొరికితే వాళ్లని.

"బేగి ఆ బోర్డు దించీండి. దండం పెడతాను" అంది అమ్మ.

"నానేటి సేసినాను? సచ్చిపోయినోడు నా మనిసి. ఆయనకి దండేసుకోడానికి నాను దాక్కోవాలేటి?" నాన్న షటరు ఎత్తేశాడు. ముందు బల్ల మీద ఫోటో పెట్టి, దేవుడి మెడలో దండ తీసి దానికి వేసి, పక్కన నిలబడ్డాడు. మొండితనంలో మా నాన్నని మించినవాడు లేడు. ఆ క్షణంలో నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

కేకలు ముందు వినిపించాయి, మనుషులు తర్వాత కనిపించారు. నేనూ అమ్మా వంటింటి తెర వెనక నిలబడ్డాం. అమ్మ నా మణికట్టు పట్టుకుని నొక్కేస్తోంది.  ఒక రాయి వచ్చి బోర్డుకి తగిలింది.  అయిపోయింది, నాన్నని చంపేస్తారు అనుకున్నాను.

ముందున్న వాడు ఫోటో చూసి చెయ్యెత్తాడు. కేకలు ఆగాయి. ఊరేగింపుకి వాళ్ల దగ్గర ఫోటో లేదు. అది ఇచ్చెయ్యమన్నాడు.

"నహీఁ" అన్నాడు నాన్న. "మై లేకే చలూఁగా." ఇవ్వను, నేనే మోస్తానని.

"ఓలమ్మో, ఎల్లకండీ!" అమ్మ తెర వదిలి బయటికి పరుగెత్తింది. అప్పటికే నాన్న చెప్పులైనా లేకుండా, ఫోటో గుండెకి హత్తుకుని ముందు నడుస్తున్నాడు. వెనక ఆ జనం. వీధి మలుపు తిరగ్గానే మళ్లీ అరుపులు మొదలయ్యాయి. మద్రాసీల్ని తరిమెయ్యండి అని. ఆ అరుపుల ముందు నడుస్తున్నది మద్రాస్ హోటల్ యజమాని.

పగలంతా షటరు సగం దించుకుని కూర్చున్నాం. సాంబారు పులిసిపోయింది. ఎక్కడ కేక వినబడినా అమ్మ లేచి నిలబడేది. ఎవరైనా కబురు తెస్తారేమోనని భయం, ఎవరూ తేవట్లేదని ఇంకా భయం.

పొద్దుగుంకే వేళకి నాన్న వచ్చాడు. అమ్మ ఆయన చేతులూ వీపూ తడిమి తడిమి చూసింది. ఒక్క దెబ్బ లేదు. అరికాళ్లు మాత్రం బొబ్బలెక్కాయి. అమ్మ ఏడుస్తూనే నవ్వింది. "మీ మారాజే కాపాడినాడు" అంది.

నాన్న ఫోటో బల్ల మీద పెట్టాడు. అగరొత్తి వెలిగించలేదు. షటరుకి వేయగా మిగిలిన నీలం రంగు డబ్బా తెచ్చి, స్టూలెక్కి, బోర్డు మీద 'మద్రాస్' అన్న మాట మీద పూయడం మొదలుపెట్టాడు.

"పొద్దున్న నాను మొత్తుకుంటే దించనేదు. ఇప్పుడేటొచ్చింది?" అంది అమ్మ.

ఆయన వెనక్కి తిరగలేదు.

"తరిమెయ్యండని ఎనకాల అందరూ అరుస్తన్నారు. పక్కనోడు నా నోరేపే సూస్తన్నాడు" అన్నాడు. కుంచె ఆగింది. "ఆయన ఫోటో గుండెల మీదెట్టుకోని, నానూ అరిసినాను."