మామ చెప్పిన మజ్జిగ కథ

నిన్న పావగడలో బస్సెక్కి, మోపురాయి దగ్గర దింపమన్నాను. అలాంటి స్టాపు లేదన్నాడు కండక్టరు. తెలిసే అడిగాను. క్యాతగానచెర్లు వైపు పోయే ఆ రోడ్డుకు చనిపోయిన ఒక సినిమా హీరో పేరు పెట్టారు, ఇప్పుడు స్టాపుకూ ఆయన పేరే. కండక్టరు ఆ పేరు చెప్పి, అక్కడేనా అని అడిగితే తల ఊపి టికెట్టు తీసుకున్నాను గానీ, ఆ పేరు నా నోటితో అనలేదు.

ఆ మోపురాయి మా మేనమామ పాతించింది. మా అత్తకు నొప్పులు మొదలై బండిలో పావగడ ఆసుపత్రికి తీసుకుపోతుంటే, సరిగ్గా అక్కడే ప్రాణం విడిచింది. బిడ్డ కడుపులోనే ఉండిపోయింది. కడుపు బరువు దించుకోకుండానే పోయిన ఇల్లాలి పేరు మీద దారి పక్కన రాయి నిలపడం మావాళ్ల ఆచారం. నిలువుగా రెండు బండలు, వాటి మీద అడ్డంగా ఒకటి, మనిషి భుజాలెత్తు. తలమీద మోపుతో వచ్చేవాళ్లు ఎవరి సాయమూ లేకుండా దాని మీదికి జరిపి, కాస్త అలుపు తీర్చుకుని, మళ్లీ తలకెత్తుకుని పోవచ్చు. అలా ఎవరు మోపు దించినా పోయినామె బరువు కొంచెం దిగుతుందని నమ్మకం. చిన్నప్పుడు నేను వేరుశనగ కట్టె మోపు అక్కడ దించానని తెలిస్తే మామ బెల్లం ముక్క పెట్టేవాడు. ఆ బెల్లం కోసం గుప్పెడు కట్టె పట్టుకుపోయి దించి వచ్చిన రోజులూ ఉన్నాయి. ఆయనకది తెలుసు, అయినా పెట్టేవాడు. మళ్లీ పెళ్లి మాట ఎత్తితే మాత్రం తింటున్న ముద్ద వదిలేసి లేచిపోయేవాడు.

తర్వాత సోలార్ పార్కు వచ్చింది. చేలు పలకల కిందికి పోయాయి. మోపులు మోసిన ఆడవాళ్లు యూనిఫారం చొక్కాలు తొడుక్కుని, పలకలు కడగడానికి వ్యాన్లలో పోసాగారు. వాళ్ల నడుములకు అది మేలే, కాదనను. కానీ రాయి మీద మోపు దిగడం ఆగిపోయింది. మామ ఒక్కడే, అంత ముసలితనంలో, రోజూ ఇంత కంప కొట్టి మోపు కట్టి తెచ్చి దించేవాడు. ఊళ్లో నవ్వుకున్నారు.

అంతలో రోడ్డు వెడల్పు చేస్తున్నాం, రాయి పీకేస్తామన్నారు. ఆ రోజుల్లోనే ఆ హీరో పోయాడు. అభిమానులు గుండ్లు కొట్టించుకున్నారు, అన్నదానాలు చేశారు, రోడ్డుకు ఆయన పేరు పెట్టాలని పట్టుబట్టి సాధించారు. ఆయన ఎప్పుడైనా ఈ దారిన వచ్చాడా అంటే ఎవరికీ తెలియదు. మామ ఆఫీసుల చుట్టూ తిరిగాడు, కనబడినవాళ్ల కాళ్లు పట్టుకున్నాడు. ఏదీ పారక, చివరికి అభిమాన సంఘం వాళ్ల దగ్గరికి పోయాడు. జన్మలో ఒక్క సినిమాకు వెళ్లి, అందులోనూ ఇంటర్వెల్ దాకా నిద్రపోయిన మనిషి, ఆ రోజు కథ అల్లాడు.

"మీ హీరో కారు ఒగసారి ఈడనే నిల్చిపోయిందప్పా. ఈ రాయికే ఆనుకోని మజ్జిగ తాగినాడు. నేనే ఇచ్చినా."

వాళ్లు వలవలా ఏడ్చారు. కొద్ది రోజులకే ఆ మజ్జిగ తాగడం కళ్లారా చూసినవాళ్లు ఊళ్లో నలుగురు తేలారు. ఒకావిడ ఆ చెంబు తమదేనంది. సంఘం వాళ్లు అడ్డుపడేసరికి రాయిని ఎవరూ ముట్టుకోలేదు. మామ ఇంటింటికీ తిరిగి బెల్లం పంచాడు.

పేరు పెట్టే రోజు ఆయన వెంట నేనూ వెళ్లాను. రాయికి రంగు వేసి, హీరో బొమ్మ గీశారు. చుట్టూ మనిషెత్తు ఇనుప కమ్మీలు బిగించి గేటుకు తాళం వేశారు. మామ ఎప్పటిలాగే మోపుతో గేటు దాకా పోయాడు. సంఘం అధ్యక్షుడు మర్యాదగానే ఆపి, లోపల ఏమీ పెట్టకూడదన్నాడు.

"మా ఇంటామె రాయప్పా ఇది," అన్నాడు మామ.

"అన్న ఆనుకున్న రాయని నువ్వే గదా తాతా చెప్పినావు."

సభ ముగిసి జనం వెళ్లిపోయారు. ఆయన మాత్రం కమ్మీల బయట తలమీద మోపుతో అలాగే నిలబడ్డాడు. మెడ వణుకుతోంది. చూడలేక మోపు అందుకోబోయాను.

"వద్దు పాపా. రాయి మీద దిగకుంటే ఆమెకి చేరదు."

ఆ మోపు ఎత్తుకునే ఇంటిదాకా నడిచాడు. తర్వాత మంచం దిగలేదు. ఎవరు పలకరించినా, గేటు తీసినారా అనే అడిగేవాడు. ఆ ఎండాకాలంలోనే పోయాడు.

నిన్న బస్సు దిగి, నా చేతిసంచి అయినా ఆ రాయి మీద పెడదామని కమ్మీల సందులోంచి చెయ్యి చాపాను. అందలేదు. ఏదో ఒకనాటికి ఆ హీరోనూ మరిచిపోతారు, ఈ కమ్మీలూ తుప్పుపట్టి ఊడిపోతాయి. అప్పటికి తలమీద మోపుతో ఈ దారిన వచ్చే మనిషి ఒక్కరూ మిగలరు.