నర్సమ్మ కారుకు కొత్త రేకు

నర్సమ్మ చనిపోయిన సంగతి నాకు తొమ్మిది రోజుల తర్వాత తెలిసింది. విశాఖలో మా సైటు ఆఫీసుకు ఫోను వచ్చింది. చేసింది బోరబండలో కార్ల రేకుపని చేసే ఉస్తాద్. "సార్, నర్సమ్మ పోయింది. నిద్రలనే పోయింది. మీ నంబరు దొరకక ఇన్ని దినాలాయె" అన్నాడు. ఎస్టీడీ బూత్ నుంచి కాబోలు, వెంటనే పెట్టేశాడు. ఇక్కడ ఆమెను ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరికి చెప్పుకోవాలో తోచక రిసీవరు పట్టుకుని అలాగే కూర్చున్నాను. అందుకే మీకు చెబుతున్నాను.

బోరబండలో ఆమె ఇంటి మేడమీద గదిలో రెండేళ్ళు అద్దెకున్నాను. మాదాపూర్ వైపు గుట్టలు పగలగొట్టి పెద్ద పెద్ద ఆఫీసులు కడుతున్న రోజులవి. మాది తెనాలి దగ్గర పల్లె. ఆ భవనాల ఉక్కు దూలాల పనిలో ఇంజనీరుగా చేరాను. ఆదివారం వస్తే మాట్లాడటానికి మనిషి ఉండేవాడు కాదు. ఆమెకూ ఎవరూ లేరు. సర్కారు దవాఖానలో పురుళ్ళు పోసి రిటైరైన నర్సు. నర్సు కాబట్టి అందరికీ నర్సమ్మే; అసలు పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు.

ఆమెకు గుండ్రటి ముక్కున్న పాత విదేశీ కారొకటి ఉండేది. ఎప్పుడో ఊరు వదిలి వెళ్తూ ఒక డాక్టరమ్మ ఇచ్చిపోయిందట. రాయదుర్గం, మణికొండ అప్పట్లో పల్లెలు. పురుడని కబురొస్తే ఆ కారు తానే నడుపుకుంటూ వెళ్ళేది. రిటైరయ్యాక అది పెరట్లో నిలబడిపోయి తుప్పు పట్టింది. "ఒక్కసారి దీన్ల అటుదిక్కు పోయి రావాలె బిడ్డా, ఎట్ల మారిందో చూడాలె" అనేది.

ఒకరోజు ఉస్తాద్‌ను పిలిపించింది. చేత్తో గీకి, గరుకు కాగితంతో రుద్ది తుప్పు తీయాలంటే రెండు నెలలు పడుతుందన్నాడతను. నేను ఊరుకోలేకపోయాను. మా సైటులో ఉక్కు తుప్పును గాలి మిషనుతో ఇసుక కొట్టి వదిలిస్తాం, ఇది ఒక్క పూట పని అన్నాను.

"వద్దు సార్. మీవి దూలాలు. ఇది పల్చటి రేకు, దెబ్బకు లేస్తది" అన్నాడు ఉస్తాద్.

"నాకు తెలుసండీ. నా పనే అది" అన్నాను.

నర్సమ్మ ఇద్దరినీ చూసి, "సదువుకున్న పిలగాడు చెప్తుండు గద, తీస్కపోనీ" అంది.

బానెట్టు, రెండు తలుపులు ఊడదీయించి ట్రాలీ ఆటోలో సైటుకు తీసుకెళ్ళాను. సాయంత్రం తెచ్చి పెరట్లో దించాను. తుప్పంతా పోయింది. రేకు మాత్రం వేయించిన అప్పడంలా అలలు లేచింది, కింది అంచుల్లో చిల్లులు పడ్డాయి. ఆమె ఒక తలుపు మీద అరచేయి పెట్టి మెల్లగా జరుపుకుంటూ చివరిదాకా వెళ్ళింది. లోపలికి పోయి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

వారం రోజులు నేను ఆమె కంట పడలేదు. పొద్దున్నే చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగేవాణ్ణి. ఆదివారం నాడు ఆమే, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చి నా మంచం మీద కూర్చుంది.

"గిట్ల మొఖం దాచుకొని ఎన్ని దినాలు తిరుగుతవ్?"

"తిట్టండమ్మా. నేనే పాడుచేశాను."

"తిడితే రేకు సాపైతదా?" అంది. "మణికొండల ఒక పిల్లకు నొప్పులొస్తుంటె, పెద్ద దవాఖాన అక్కర్లే, నేనున్న గద అన్న. బిడ్డ దక్కలె. ఇగ ఆ ఇంటికి పోవుడు శాతగాలె నాకు. గని పోయిన. గడపల కూసున్న. ఎవ్వరు మాట్లాడలె. మర్నాడు గూడ పోయిన. మూడో దినం ఆ పిల్లనే చాయ్ తెచ్చిచ్చింది. తప్పు జేసిన కాడికి మళ్ళ పోవాలె బిడ్డా. లే, ఉస్తాద్ కాడికి పో."

వెళ్ళాను. ఉస్తాద్ నా వైపు చూడకుండానే "ఇది సాపు కాదు సార్, కోసి కొత్తది ఎయ్యాలె" అన్నాడు. ఆ తర్వాత ఆదివారాలన్నీ అతని షెడ్డులోనే. తలుపు చట్రం నుంచి పాడైన రేకును కోసి తీశాం. అట్టముక్క మీద కొలత గీసి కొత్త రేకు కత్తిరించాడు. ఇసుక మూట మీద పెట్టి చెక్క సుత్తితో కొడుతుంటే మెల్లగా వంపు తిరిగింది. అంచులు చట్రం మీదికి మడిచేటప్పుడు పట్టుకోవడం నా పని. బానెట్టు ఇంకో పాత కారుది దొరికింది, ఇంజనును ఉస్తాదే ఒక మెకానిక్ చేత బాగుచేయించాడు. మధ్యాహ్నం నర్సమ్మ అన్నం గిన్నె తెచ్చేది. మేం తింటున్నంతసేపూ స్టూలు మీద కూర్చుని రేకును చూసేది.

రంగు ఆరాక ఆమె తలుపు తెరిచి మూసింది. మళ్ళీ తెరిచి మూసింది.

"సప్పుడు మారింది" అంది. నా ముఖం చూసి, "మంచిగనే ఉంది. అలవాటైతది తీయ్" అంది.

ఆ వారమే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రాయదుర్గం మీదుగా మణికొండ దాకా నడిపింది. ఎక్కడ చూసినా తవ్విన రాళ్ళు, కొత్త ప్రహరీలు. ఒక గోడ దగ్గర కారు ఆపి, "ఈడ్నే ఎక్కడ్నో ఉండె ఆ పిల్ల ఇల్లు" అంది. గేటు దగ్గరి కాపలా మనిషి వచ్చి "ఎవరు గావాలె అమ్మా?" అనడిగాడు. "ఎవ్వరు లేరు బిడ్డా, ఊకెనె" అంది. చాలాసేపు అలాగే కూర్చుంది.

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఆఫీసులు పరేషాన్ అవుతున్న రోజుల్లో నాకు విశాఖ బదిలీ అయింది. నెలనెలా పక్కింటికి ఫోను చేస్తానన్నాను. రెండుసార్లు చేశాను.

వచ్చేసిన రోజు పొద్దున నేను పెట్టె ఆటోలో పెట్టుకుంటుంటే ఆమె గల్లీలో కారు కడుగుతోంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, బకెట్టు నీళ్ళు బానెట్టు మీద గుమ్మరించింది. "పోయిరా బిడ్డా" అని తడిగుడ్డ ఉన్న చెయ్యి ఎత్తింది. ఆటో మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. మళ్ళీ వంగి తలుపు తుడుస్తోంది. సబ్బునీళ్ళు రాళ్ళ మధ్య దారి వెతుక్కుంటూ గల్లీ కిందికి పారుతున్నాయి.