శివన్న దాచుకున్న మాట

మా తమ్ముడు శివన్న యూనివర్సిటీలో చెట్లకు నీళ్ళు పట్టేవాడు. కూతురు రంజిత అక్కడే హాస్టల్లో ఉండి చదివేది. అక్కడి పిల్లలంతా తమ మాటలు ఇంకెవరి కంటా పడకూడదని, మెసేజ్‌లు వాటంతట అవే చెరిగిపోయే యాప్ ఒకటి వాడేవాళ్ళు. రంజిత దాన్ని తండ్రి ఫోన్‌లోనూ వేసింది. శివన్నకు చదువు రాదు కనుక గొంతే పంపేది. "నాన్నా, రొట్టె తెచ్చినావా? లైబ్రరీ కాడికి రా."

ఒక పొద్దున ఆమె మాట వచ్చినప్పుడు వాడి చేతుల నిండా బురద. తర్వాత విందామనుకున్నాడు. అంతలోనే, కౌల్ బజార్‌లో లారీ గుద్ది బిడ్డ పోయిందని కబురొచ్చింది.

ఆ మాట వాడు ఇక వినలేదు. పదకొండో రోజు దినం నాడు బిడ్డకు ఇష్టమైనవి వండి, విస్తరి ముందు అందరికీ వినిపిస్తానని దాచుకున్నాడు.

ఆ రోజు జొన్నరొట్టె, వంకాయ కూర వడ్డించి ఫోన్ తెరిచాడు. మాట లేదు.

రంజితతో చదివే సౌభాగ్య చూసి ఏడ్చేసింది. "వారానికి అవే పోతాయి మామా. రంజితే అట్ల పెట్టుకోనుండె."

"నేను ఇననే లేదు కదమ్మా, ఎట్ల పోతాది?"

నాకు ఒళ్ళు మండింది. "నాది రెండో తరగతి సదువు. నేను తిట్టిన తిట్లు కూడా ఊర్లో ఇప్పటికీ ఎవురూ మరిసిపోలేదు. ఇంత సదివిన మీ మాట వారం నిలవదా? కన్నతండ్రికి కూడా బీగమేసేది ఏం యాపమ్మా అది?"

శివన్న ఫోన్‌ను తువ్వాలతో తుడిచి విస్తరి పక్కన పెట్టాడు.

"అరవద్దక్కా," అన్నాడు. "పాప తింటాండాది."