మార్చి ఎండ కాదది

అర్గిరో ముక్కు మీదా రెండు బుగ్గల మీదా ఎర్రటి మచ్చ రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా పరుచుకుంటే హియోస్ దీవిలోని ఆ ఊళ్లో ఎవరూ కంగారుపడలేదు. మార్చి మొదటి రోజున మణికట్టుకు ఎరుపూ తెలుపూ దారం కట్టుకోకపోతే ఎండ మొహం కాల్చేస్తుందని అక్కడ ఉగ్గుపాలతోనే నేర్పుతారు. అత్త మార్కెల్లా నలభై దాటిన కోడలికి ఆలస్యంగానైనా దారం కట్టి, ఇక తగ్గిపోతుందని తేల్చేసింది. కీళ్లు పట్టేస్తే తోటలో చెట్లకు గాట్లు పెట్టే పని వల్లన్నారు. జుట్టు ఊడితే వయసన్నారు. పాదాలు ఉబ్బితే ఉప్పు తగ్గించమన్నారు. ఊరంతా వైద్యులే, రోగం మాత్రం ఒక్కరికీ దొరకలేదు.

పట్నంలో డాక్టరమ్మ వీటన్నింటినీ కలిపి చూసింది. నోట్లో పుండ్లున్నాయా, ఎండలో తిరిగితే నీరసం పెరుగుతోందా అని అడిగింది. రక్తం, మూత్రం పరీక్ష చేయించి, మూత్రపిండం నుంచి చిన్న ముక్క తీయించి చూసింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడిందనీ, దీన్ని లూపస్ అంటారనీ, మందులు రోజూ వాడుతూ ఎండకు దూరంగా ఉండాలనీ చెప్పింది.

"ఎండకా, చెట్లకా?" అని అర్గిరో నిలదీసింది.

"ఎండకే. కానీ వాపు తగ్గేదాకా ఇల్లు కదలొద్దు. మందులు మానేశావంటే మూత్రపిండాలు దక్కవు."

మొగుడు ఓడ మీద ఉన్నాడు. మరిది ఇసిదోరోస్ పరామర్శకు వచ్చి, జిగురిచ్చే మస్తిహా చెట్లు తనకు వదిలేసి నీడపట్టున కూర్చోమన్నాడు. అవి ఆమె తండ్రి ఇచ్చిన చెట్లు. బెరడుకు గాట్లు పెట్టి జిగురు తీయడం ఆమెకు నేర్పిందీ ఆయనే. అత్త సరేనన్నట్టు తల ఊపింది. అర్గిరోకు ఒళ్లు మండిపోయింది, అది మాత్రం రోగం వల్ల కాదు.

ఆమె మందు ఒక్కపూట తప్పలేదు. వాపు తగ్గింది, పరీక్షలు మెరుగుపడ్డాయి, డాక్టరమ్మ ఎండ లేని వేళ పనికి ఒప్పుకుంది. జులైలో గాట్ల కాలం రాగానే ఇసిదోరోస్ కాఫీకొట్లో చెట్లు తనవేనన్నట్టు మాట్లాడి, మర్నాడు పొద్దెక్కుతుండగా ఉలి పట్టుకుని తోటకు వెళ్లాడు.

మొదటి వరస చెట్లకు అప్పటికే గాట్లు పడ్డాయి. జిగురు బొట్లు బొట్లుగా కారుతోంది. నిండు చేతుల చొక్కా, పెద్ద టోపీతో అర్గిరో ఎదురొచ్చింది. వేళ్లు ముడుచుకోవడం లేదు, ఉలిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇంత రోగం పెట్టుకుని ఇంట్లో దాక్కోక ఏంటొదినా ఇది?"

"ఎండకు దాక్కుంటాను. నిన్ను చూసి ఎందుకు దాక్కోవాలి? తప్పుకో, పొద్దెక్కుతోంది."

అతను దారి వదిలాడు.