బొటనవేలికి తెలిసిన ఓటు

నిన్న సాయంత్రం ప్రసాద్ గారు మా గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటూ, "కిరణ్ గ్రీన్‌కార్డ్ ఫైల్ మొన్నే లాయర్ దగ్గర చూశాను చెల్లెమ్మా" అన్నప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. ఆయన వచ్చింది ఆ పని మీద కాదు. మా ఆయన కిరణ్ వీసా నడిపే కన్సల్టెన్సీ ఆయనదే; ఇక్కడ అమెరికాలో, నోవై ఊళ్లో మా తెలుగు సంఘం అధ్యక్షుడూ ఆయనే. కమిటీ తన మాట వినకపోయేసరికి దాన్ని రద్దు చేసి ఎన్నికలు పెట్టారు. ఇప్పుడు పోస్టులో అందరికీ వచ్చిన బ్యాలెట్ల కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నారు.

"సైన్ చేసి ఇచ్చేయండి, చాలు. ఫిల్ చేసేది మావాళ్లు చూసుకుంటారు."

ఆయన చేతిలో పక్కిళ్ల కవర్ల కట్ట ఉంది. దాని అంచుల మీద బొటనవేలు ఆడిస్తుంటే వచ్చే సన్నటి చప్పుడుకు సరళ మేడమ్ గుర్తొచ్చారు.

మచిలీపట్నంలో డిగ్రీలో మాకు చరిత్ర చెప్పారావిడ. ఆ రోజు పాఠం 1877 నాటి ఫ్రాన్స్ ఎన్నిక. రాచరికం మీద మక్కువున్న అధ్యక్షుడు, గణతంత్రవాదులు ఎక్కువున్న చట్టసభ నచ్చక రద్దు చేశాడు. జిల్లా అధికారులను మార్చి, తనవాళ్లకు సర్కారు ప్రకటనలకే వాడే తెల్లకాగితం పోస్టర్లిచ్చి మళ్లీ ఎన్నికకు వెళ్లాడు. ఓటు చీటీలు అభ్యర్థులే పంచేవారట. మడిచి అధికారి చేతికిస్తే ఆయన పెట్టెలో వేసేవాడట. మేడమ్ మాకు సర్కారు చీటీగా మందంగా ఒకటి, ఎదుటివాళ్ల చీటీగా పలచగా ఒకటి కాగితాలిచ్చి, నచ్చినది మడిచి ఇమ్మన్నారు. కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమి, "నువ్వు సర్కారు వైపు. నువ్వు కాదు. రేపటి నుంచి నీకు ఉద్యోగం లేదు పో" అంటూ వరసగా చెప్పారు. క్లాసంతా నవ్వింది. నా చీటీ మీద ఆ వేలు ఆగినప్పుడు నాకు నవ్వు రాలేదు.

"అయినా గణతంత్రవాదులే గెలిచారుగా మేడమ్, పాఠం అయిపోయినట్టే" అంది నా పక్కనున్న పిల్ల, బ్యాగు సర్దుకుంటూ.

"కూర్చోవే. ఓడినవాడు ఊరుకున్నాడా? సభతో పొత్తులేని మంత్రివర్గాన్ని తెచ్చిపెట్టాడు. సభ దాని మొహం చూడనంటే అప్పుడు లొంగాడు. దిగిపోవడానికి ఇంకో ఏడాది పైనే పట్టింది. ఓట్లు లెక్కపెట్టాక కూడా కళ్లు తెరుచుకునే ఉండండి."

ఆ మాటే నన్ను అనుమానపు మనిషిని చేసింది. అద్దె ఒప్పందమైనా, స్కూలు కాగితమైనా రెండోసారి చదవనిదే సంతకం చేయను.

"మేం పోస్ట్ చేసేశాం అన్నయ్యగారూ" అన్నాను ప్రసాద్ గారితో. కవర్లు నా వెనక ఫ్రిజ్ మీదే ఉన్నాయి. ఆయన అటు చూశారో లేదో తెలియదు. "మంచిది" అని నవ్వారు. ఆ నవ్వే నన్ను వదలడం లేదు.

"ఇచ్చేస్తే పోయేది కదా! ఫైల్ హోల్డ్‌లో పెడితే ఎక్కడికి పోతాం?" అన్నాడు కిరణ్, ఆయన వెళ్లాక. అతని కవర్ అతని ఇష్టానికి వదిలేసి, నాది నింపాను.

ఈ ఉదయం పిల్లల్ని స్కూల్ బస్ ఎక్కించడానికి వెళ్తూ దాన్ని పోస్టు డబ్బాలో వేశాను.

"అమ్మా, ప్రసాద్ అంకుల్‌కి వోట్ చేశావా?" అంది పెద్దది.

"చెప్పను."

"డాడీకి కూడా చెప్పవా?"

"డాడీకి కూడా."

"మాకు?" అన్నాడు చిన్నవాడు.

"మీక్కూడా. పెద్దయ్యాక మీరెవరికి వేశారో నాకూ చెప్పక్కర్లేదు. నేను అడిగినా చెప్పకండి."