నానమ్మ కట్టిన నడికట్టు

వెన్నెముక వంకర తీసే ఆపరేషన్ అయ్యాక నన్ను మల్కాజ్‌గిరిలోని మా ఇంటి ముందుగదిలో పడుకోబెట్టారు. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, చెవుల్లో దూది కుక్కి మరీ. పదో తరగతి చదివే పిల్లకు బాలింత మర్యాదలన్నమాట! ఇదంతా మా నానమ్మ ఏర్పాటు. అమ్మా నాన్నా పొద్దున్నే సికింద్రాబాద్‌లో ఆఫీసులకు పోతే సాయంత్రం దాకా ఆ ఇంటికి ఆమే కలెక్టరు, ఆమే డాక్టరు.

"పచ్చి ఒళ్ళు బిడ్డా, గాలి తాకొద్దు. పురుడైనా కోతైనా ఒక్కటే," అనేది.

అంతటితో ఆగిందా? తన పాత నేతచీర చింపి, పొడుగు పట్టీ చేసి, ఛాతీ కింద నుంచి నడుము దాకా బిగించి చుట్టేది. మా ఇంట్లో పురుడైన ప్రతి ఆడమనిషికీ నడికట్టు కట్టింది ఆ చేతులే. కట్టు వదులైతే నా వీపులో వేసిన కడ్డీలు జారిపోతాయని ఆమె భయం. ఆపరేషన్‌కు ముందు నేను ఏళ్ళ తరబడి వంకర పెరగకుండా వేసే ప్లాస్టిక్ బెల్టులో బతికాను. అది వదులుతుందనే కదా కత్తికి ఒప్పుకున్నది! బెల్టు పోయి చీర వచ్చింది. అయినా అమ్మకు ఫిర్యాదు చేయలేదు. కట్టు బిగుతుగా ఉన్నంతసేపూ నొప్పి కాస్త తక్కువగా ఉండేది మరి.

ఆస్పత్రి వాళ్ళు ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. మూడు గొట్టాలు, వాటిలో మూడు బంతులు. పైపు నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేవాలి. నొప్పికి భయపడి పైపైనే ఊపిరి తీస్తే ఊపిరితిత్తుల అడుగున కఫం చేరుతుందని, అందుకే ఈ కసరత్తు అని చెప్పారు. ఊపిరి పుంజుకుంటేనే బడికి పంపిస్తానన్నాడు డాక్టరు. లేకపోతే ఆ ఏడాది గోవిందా.

మొదటి బంతి లేచేది. రెండోది కాస్త కదిలి మళ్ళీ కూర్చునేది. మూడోది ఉలకదు, పలకదు.

గొంతూ పోయింది. మా ఇంటి వెనకే రైలు పట్టాలు. బండి పోతున్నప్పుడు నేను పిలిస్తే వంటింటి దాకా వినపడేది కాదు. ఏం కావాలన్నా స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టమన్నారు. ఛీ, నోరున్న మనిషిని! ఒకరోజు ఆ గ్లాసు విసిరికొట్టాను. నానమ్మ దాన్ని తీసి, కడిగి, మళ్ళీ నా పక్కనే పెట్టింది. ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఊపిరి చాలలేదు.

ఊపిరి పరీక్షకు ఆస్పత్రికి వెళ్ళిన రోజు నానమ్మ కూడా వచ్చింది. మిషన్‌లోకి ఊదాను. అంకెలు చూసి డాక్టరు మొహం మారిపోయింది. ఇంటికి పంపినప్పటికంటే తగ్గాయట. కసరత్తు రోజూ చేస్తున్నానంటే నమ్మలేదు. నన్ను ఫిజియోథెరపీ మేడమ్ దగ్గరికి పంపాడు. ఆమె నా పక్కటెముకల మీద చేతులు పెట్టి పీల్చమంది. డ్రెస్సు కింద బట్ట మడతలు ఆమె చేతికి తగిలాయి.

"ఏందిది?"

"నేనే కట్టిన," అంది నానమ్మ గర్వంగా. "లోపలి కడ్డీలు జారొద్దని గట్టిగ కట్టిన."

"వాటికి స్క్రూలు బిగించిన్రు అమ్మా, అవి ఎటూ పోవు. మీరు గిట్ల బిగిస్తే పక్కలు తెరుచుకోవు. ఇగ పిల్ల ఊపిరి ఎట్ల తీస్కుంటది?"

మేడమ్ మెత్తగానే చెప్పింది. నానమ్మ తలొంచుకుని పట్టీ విప్పసాగింది. నాకు నానమ్మ మీద ఒళ్ళు మండింది, నిజం. ఇంటికొచ్చే ఆటోలో నాలుగు దులిపేద్దామనుకున్నాను. కానీ ఆమె విప్పిన పట్టీని ఒళ్ళో పెట్టుకుని చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

కట్టు తీయగానే అంతా బాగైపోలేదు. నొప్పి పెరిగింది. దగ్గు వస్తే దిండు పొట్టకు అదుముకుని దగ్గేదాన్ని. ఊపిరి పెరగాలని డాబా మెట్లు కొన్ని కొన్నిగా ఎక్కడం షురూ చేశాను. నానమ్మ వద్దనలేదు, అలాగని చూడనూ లేదు. నేను మెట్ల దగ్గరికి రాగానే వంటింట్లోకి వెళ్ళిపోయేది. నా పక్క సర్దడం కూడా అమ్మకే వదిలేసింది. నన్ను తాకడానికే భయపడుతోందని నాకు అర్థమైంది.

ఒక మధ్యాహ్నం డాబా మీదికి చేరాను. వెనక రైలు పోతోంది. పిట్టగోడ పట్టుకుని, పక్కలు తెరుచుకునేంతగా గాలి పీల్చి అరిచాను.

"నానమ్మా!"

చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి ఉరికి వచ్చింది. చేతిలో గరిటె.

"ఏమైందే! పడ్డవా?"

"ఏం గాలే. ఊకెనే పిలిచిన."

"గంత గట్టిగ మొత్తుకుంటవేందే? నాకేమన్న చెవుడా?"

తిట్టి లోపలికి పోబోయి ఆగింది. బండి ఇంకా చప్పుడు చేస్తూ పోతూనే ఉంది. నానమ్మ పట్టాల వైపు చూసింది, నా వైపు చూసింది, కొంగుతో మొహం తుడుచుకుంది.

"మల్ల పిలువు," అంది.