మూడిళ్లకు ఒకే పాటల పెట్టె

మా రూప్లా పెదనాన్నకు కుళ్లు ఎక్కువ. ఈ మాట ఆయన ముఖం మీదే అన్నదాన్ని, ఇక్కడ రాయడానికి నాకేం భయం? పక్క చేనులో మిరప బాగా కాస్తే ఆయనకు నిద్ర పట్టదు. మా నాన్న కొత్త చెప్పులు కొన్నందుకు రెండు రోజులు మాట్లాడలేదు. అయితే మా తండా పాటలన్నీ దాచిపెట్టింది కూడా ఆయనే.

అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో ట్రాక్టర్ నడిపే రోజుల్లో ఆయన టేప్‌రికార్డర్ కొన్నాడు. తీజ్ పండుగకు, పెళ్లిళ్లకు ఆడవాళ్లు పాడుతుంటే ఎదురుగా పెట్టి మీట నొక్కేవాడు. అట్లా పన్నెండు క్యాసెట్లు నిండాయి. వాటిని ఇనప్పెట్టెలో వేపాకుల మధ్య పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. పాట వినాలంటే ఆయన మంచం పక్కన కూర్చోవాలి. మధ్యలో దగ్గితే తిట్లు తినాలి. అయినా సాయంత్రమైతే ఆయన అరుగు నిండిపోయేది. ఎవరైనా ఒక్కరోజు క్యాసెట్ ఇమ్మంటే ఒకటే జవాబు.

"పాట నా ఇంట్లనే ఉంటది. ఇనేటోళ్లు నడిచి రావాలె."

రెండువేల ఎనిమిదిలో, కొత్తగూడెంలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేస్తున్న మా అన్న భాస్కర్ మా ఇంటికి కొత్త కంప్యూటర్ తెచ్చాడు. మూతబడిన ఒక నెట్ సెంటర్ నుంచి పాతవి ఇంకో రెండు తెచ్చాడు. ఒకటి దస్రు బాబాయికి, ఒకటి పెదనాన్నకు. మా మూడిళ్లూ ఒకే వాకిట్లో పక్కపక్కనే ఉంటాయి.

"పాటలన్నీ మనింట్ల పెద్ద కంప్యూటర్‌ల ఉంటయి పెదనాన్నా. వైరు ఏస్తే ఎవలింట్ల వాళ్లు తెరుసుకొని ఇనొచ్చు," అన్నాడు అన్న.

"ఒక్క బర్రె మూడు కొట్టాలల్ల పాలిస్తదారా?" అన్నాడు పెదనాన్న.

కానీ తెర మీద 'రూప్లా పాటలు' అని పేరు పెడతానంటే ఆయన ఉబ్బిపోయాడు. పదకొండు క్యాసెట్లు తీసి ఇచ్చాడు. అన్న నాలుగు ఆదివారాలు కూర్చుని వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. దండెం మీదుగా బాబాయి ఇంటికి వైరు లాగాడు. మా ఇంట్లో తీజ్ పాటలు మోగుతుంటే, అదే సమయంలో బాబాయి ఇంట్లో పెళ్లిపాటలు మోగాయి.

జనం బాబాయి ఇంటికి పోవడం మొదలుపెట్టారు. మా పిన్ని టీ ఇస్తుంది, దగ్గితే తిట్టదు. ఎవరు పోరు? పెదనాన్న అరుగు ఖాళీ అయింది. ఆయన టేప్‌రికార్డర్ గొంతు పెంచి ఒక్కడే కూర్చునేవాడు. బాబాయి గుమ్మం ముందున్న చెప్పులు లెక్కపెట్టేవాడు. తన ఇంటికి వైరు వద్దన్నాడు. రేకుల మీద వైరుంటే పిడుగు పడుతుందట. ఆయన కోసం తెచ్చిన పాత కంప్యూటర్ మా ఇంట్లోనే తువ్వాలు కప్పుకుని ఉండిపోయింది.

పన్నెండో క్యాసెట్ మాత్రం ఆయన ఇవ్వలేదు. అది మా జమ్లి అత్త ఢావ్లో. మా లంబాడీల్లో పెళ్లికూతురు అత్తారింటికి పోయేముందు ఒక్కొక్కరి మెడ పట్టుకుని, పేరు పెట్టి పిలుస్తూ పాటలోనే ఏడవాలి. దాన్నే ఢావ్లో అంటాం. పెదనాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు జమ్లి అత్త. నాకు ఊహ తెలియకముందే జ్వరంతో పోయింది. ఆమె గొంతు ఆ క్యాసెట్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

నాకు కుసుమంచి సంబంధం కుదిరింది. నా ఈడు పిల్లలకు ఢావ్లో రాదు, నాకూ రాదు. అత్త లాగా ఏడవాలని నా కోరిక. పెదనాన్న దగ్గరికి వెళ్లాను.

"మీ అన్న కంప్యూటర్‌ల లేదా?" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ.

"లేదు పెదనాన్నా."

"ఉండదు. సాయంత్రం రా."

తొమ్మిది రోజులు వెళ్లాను. వెనక్కి తిప్పి, మళ్లీ వినిపించి, ఒక్కో మాటా నేర్పించాడు. ఆ తొమ్మిది రోజులూ ఆయన ముఖం వెలిగిపోయింది. అన్న బతిమాలాడు.

"ఒక్కపూట ఇయ్యి పెదనాన్నా. రీలు పాతదైంది. ఏమన్నయితే అత్త గొంతు మల్ల దొరకదు."

"ఇస్తే ఈ పిల్ల నా ఇంటికెందుకొస్తది?" అన్నాడు పెదనాన్న. దాపరికం లేదు, సిగ్గూ లేదు.

పదోరోజు పాట మధ్యలో గొంతు సాగి, ఆగిపోయింది. రీలు లోపల చుట్టుకుపోయింది. నేను కేకేస్తే అన్న పరుగెత్తుకొచ్చాడు.

"గుంజకు పెదనాన్నా! మూత ఇప్పుత, ఆగు!"

"నా టేపు మీద చెయ్యెయ్యకు!" అని పెదనాన్న తనే గుంజాడు. రీలు ముక్కలు ముక్కలుగా ఆయన చేతిలోకి వచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ కుళ్లే అత్తను మింగింది," అన్నాను. ఆయన ముక్కలన్నీ ఏరి, పెట్టెలో పెట్టి తాళం వేశాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

పెళ్లయింది. పంపించే వేళ అన్న మెడ పట్టుకున్నాను. అన్న సెల్‌ఫోన్ పిన్ని చేతిలో ఉంది, రికార్డు అవుతోంది. నా నోట అత్త మాటలే వచ్చాయి. విన్నది విన్నట్టు నేర్చుకున్నాను కదా, పేరు మార్చాలన్న ధ్యాసే లేదు.

"రూప్లా వీరా, నా గొంతు టేపులో దాచుకుంటివి, నన్నెందుకు దాచుకోకపోతివి..."

వీరా అంటే అన్న. సొంత అన్న మెడ పట్టుకుని పెదనాన్నను అన్నా అని ఏడ్చాను. ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. అంతలో గుంపు వెనక నుంచి పెదనాన్న ఏడుపు వినిపించింది. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నా కోపం ఎటు పోయిందో పోయింది.

పది రోజులకు పుట్టింటికి వస్తే మా ఇంట్లో పంచాయితీ నడుస్తోంది. అందరికీ అన్నీ పంచిపెట్టిన మా అన్న ముఖం మాడ్చుకుని ఉన్నాడు.

"నా చెల్లె నా మెడ పట్టుకొని ఆయన పేరు పెట్టి ఏడ్సింది. కంప్యూటర్‌ల ఎక్కిచ్చేటప్పుడు ఆ ముక్క కోసేస్త," అన్నాడు.

పెదనాన్న మూలనున్న వైరు చుట్ట తనే భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"కోయకురా. నా ఇంటికి వైరెయ్యి. పిడుగు పడితే పడనియ్. అది ఉన్నది ఉన్నట్టే రానియ్."

అన్న గొణుక్కుంటూనే, తువ్వాలు కప్పిన ఆ కంప్యూటర్‌ను పెదనాన్న ఇంటికి మోసి వైరు వేశాడు.

ఇప్పుడు ఆ పాట మూడిళ్లలో ఎవరు తెరిస్తే అక్కడ మోగుతుందట. పెదనాన్న ఇంట్లో మరీ ఎక్కువట. అమ్మ ఫోన్‌లో మురిసిపోతూ చెబుతుంటే నాకు కడుపు మండుతుంది. ఏడ్చింది నేను. కుసుమంచి దాకా వైరు ఎవరు వేస్తారు?